లేత న్యూరాన్ల ఎదుగుదలపై న్యూరోట్రాన్స్‌మిటర్ల ప్రభావాన్ని కల్చర్‌లో పరీక్షించే విధానం

న్యూరోట్రాన్స్‌మిటర్ (నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం) అనగానే పాఠ్యపుస్తకాల్లోని సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) బొమ్మ మనకు గుర్తుకొస్తుంది: ఒక కణం చివర చిన్న చిన్న సంచులు, మధ్యలో సన్నని సందు, అవతలి కణం మీద ఆ రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు. కానీ ఆ సినాప్స్ ఏర్పడక ముందే, తన కొమ్మల్లో ఏది ఆక్సాన్ (సంకేతాలను పంపే పొడవాటి పోగు) కావాలో ఏవి డెండ్రైట్లు (సంకేతాలను అందుకునే కొమ్మలు) కావాలో కణం ఇంకా తేల్చుకోక ముందే, ఆ రసాయనాలూ వాటి రిసెప్టర్లూ ఎదుగుతున్న మెదడులో కనిపిస్తాయి. ఆ వయసులో గాబా, గ్లూటమేట్, సెరటోనిన్, డోపమిన్, అసిటైల్‌కోలిన్ చేసే పని వేరు. కణం విభజన చెందాలా ఆగాలా, కొమ్మ ముందుకు సాగాలా వెనక్కి తగ్గాలా, ఏ దిక్కుకు తిరగాలి అనే విషయాలను అవి కొన్ని గంటల, కొన్ని రోజుల వ్యవధిలో ప్రభావితం చేస్తాయి. బతికున్న పిండం మెదడులో ఈ ప్రభావాన్ని మిగిలిన వాటి నుంచి విడదీసి చూడడం చాలా కష్టం. డిష్‌లో పెంచిన కణాల్లో ఆ వీలు దొరుకుతుంది.

ఈ పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని లింఫ్ చుక్కలో వేలాడదీసి, నరపు పోగు కణం నుంచి బయటికి సాగడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశాడు. న్యూరోట్రాన్స్‌మిటర్ల విషయానికొస్తే, 1984లో కేటర్ బృందం హెలిసోమా అనే మంచినీటి నత్త కణాలపై చేసిన ప్రయోగాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఆ నత్త నాడీమండలంలో కణాలు పెద్దవి, ఒక్కొక్కదాన్ని నంబరుతో గుర్తుపట్టవచ్చు. డిష్‌లో సెరటోనిన్ వేసినప్పుడు 19వ నంబరు కణపు కొమ్మల కొసలు కదలడం మానేశాయి. పక్కనే అదే మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) ఉన్న 5వ నంబరు కణం ఏమీ జరగనట్టే ఎదుగుతూ పోయింది. రసాయనం ఒకటే, మోతాదు ఒకటే, జవాబు మాత్రం కణాన్ని బట్టి మారింది.

ఈ వ్యాసం ప్రాథమిక న్యూరాన్ కల్చర్ (జంతువు నుంచి నేరుగా తీసిన న్యూరాన్లను డిష్‌లో పెంచడం) మొదలుపెట్టబోయే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం రాస్తున్నాను. 18వ రోజు ఎలుక పిండం హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) కణాలను నమూనాగా తీసుకుని, గాబా, గ్లూటమేట్ గురించి వివరంగానూ మిగిలిన వాటి గురించి క్లుప్తంగానూ చెబుతాను. ఇక్కడ ఎలుక అంటే ర్యాట్. మౌస్ గురించి చెప్పవలసిన చోట చుంచెలుక అంటాను. ఇలాంటి ప్రయోగాలు దారి తప్పేది ఎక్కువగా రెండు చోట్ల అని నా అనుభవం. మందు (డిష్‌లో మనం కలిపే న్యూరోట్రాన్స్‌మిటర్‌గానీ దాన్ని అడ్డుకునే రసాయనంగానీ) వేసే సమయానికి కణం వయసెంతో ఖచ్చితంగా రాసుకోకపోవడం ఒకటి, మనం ఏమీ వేయకముందే డిష్‌లో ఏయే న్యూరోట్రాన్స్‌మిటర్లు ఉన్నాయో ఆలోచించకపోవడం రెండోది. అందుకే ఆ రెండింటికీ ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

వయసును ముందుగా నిర్ణయించుకోవడం

హిప్పోక్యాంపస్ కణాలను విడదీసి పెంచే పద్ధతిని గ్యారీ బ్యాంకర్, మ్యాక్స్‌వెల్ కోవన్ 1977లో ప్రచురించారు. 1988లో డాటీ, సలివన్, బ్యాంకర్ ఆ కణాల ఎదుగుదలను ఐదు దశలుగా విడమరిచారు, ఇప్పటికీ అందరూ ఆ లెక్కనే వాడుతున్నారు. డిష్‌కు అంటుకున్న మొదటి కొన్ని గంటల్లో కణం చుట్టూ పల్చటి అంచు విసనకర్రలా పరుచుకుంటుంది. అది మొదటి దశ. సగం రోజు గడిచేసరికి ఒకే పొడవున్న నాలుగైదు పొట్టి కొమ్మలు వస్తాయి. సుమారు ఒకటిన్నర రోజుకు వాటిలో ఒకటి ఉన్నట్టుండి వేగం అందుకుని మిగిలిన వాటిని దాటిపోతుంది, అదే ఆక్సాన్. నాలుగో రోజు ప్రాంతంలో మిగిలిన కొమ్మలు డెండ్రైట్లుగా ఎదగడం మొదలుపెడతాయి. వారం దాటాక సినాప్స్‌లు, వాటి తర్వాత డెండ్రైట్ల మీద ముళ్లు వస్తాయి.

మీ ప్రశ్న ఈ వరుసలో ఎక్కడ పడుతుందో ముందుగా కాగితం మీద రాసుకోండి. ఆక్సాన్ ఎంపికపై గాబా ప్రభావం మీ ప్రశ్న అయితే, కణాలు అంటుకున్న కొద్ది గంటల్లోనే మందు వేసి రెండో రోజు ముగిసేసరికి ఫిక్స్ చేయాలి (కణాలను ఆ స్థితిలోనే రసాయనంతో నిలిపేయాలి). డెండ్రైట్ల కొమ్మలు మీ ప్రశ్న అయితే మూడో రోజుకు ముందు మందు వేయడం అనవసరం. అలా వేస్తే రెండు దశల ప్రభావాలు కలిసిపోయి, ఏ మార్పు ఎక్కడ మొదలైందో చెప్పలేని స్థితి వస్తుంది. నోట్‌బుక్‌లో రోజులతో పాటు గంటలూ రాయాలి. సోమవారం సాయంత్రం వేసిన కణాలనూ మంగళవారం ఉదయం వేసిన కణాలనూ గురువారం ఉదయం ఒకే వయసువిగా లెక్కిస్తే, ఆక్సాన్ దశలో ఆ తేడా మొత్తం ఫలితాన్ని తారుమారు చేయగలదు. పిండం వయసు విషయంలోనూ జాగ్రత్త అవసరం. జత కలిసిన రోజును కొన్ని ల్యాబుల్లో సున్నాగా, కొన్నిటిలో ఒకటిగా లెక్కిస్తారు కాబట్టి, మీ జంతుశాల ఏ లెక్క పాటిస్తుందో అడిగి తెలుసుకుని దాన్ని కూడా రాయండి.

విభజన దశలోనే ఉన్న కణాలు మీ ప్రశ్న అయితే ఈ కల్చర్ సరిపోదు, ఇంకా చిన్న పిండాల కార్టెక్స్ (మెదడు పైపొర) కావాలి. 1995లో లోటర్కో బృందం కార్టెక్స్‌లోని ప్రొజెనిటర్ (న్యూరాన్లకు జన్మనిచ్చే) కణాల్లో గాబా, గ్లూటమేట్ రెండూ పొర విద్యుత్తును తగ్గించి డీఎన్ఏ తయారీని అణచివేస్తాయని చూపింది. 2000లో హేదర్ బృందం పరిశీలించినప్పుడు గాబా ప్రభావం మెదడు గోడలోని ఒక పొర కణాల్లో విభజనను పెంచింది, దాని పక్క పొరలో తగ్గించింది. అంటే ఏ పొర నుంచి కణాలు తీశామో చెప్పకుండా గాబా విభజనను పెంచుతుందనో తగ్గిస్తుందనో చెప్పడానికి వీల్లేదు.

కణాలను డిష్‌కు చేర్చడం

మన దేశంలో ఈ పనికి ముందు మీ సంస్థలోని జంతు నైతికతా కమిటీ అనుమతి ఉండాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వద్ద ఆ జంతుశాల నమోదై ఉండాలి. దరఖాస్తులో ఎన్ని తల్లి ఎలుకలు కావాలో చూపవలసి ఉంటుంది కాబట్టి, ఒక్కొక్క డిసెక్షన్ నుంచి వచ్చే కణాలతో ఎన్ని పరీక్షలు చేయగలరో ముందే లెక్క వేసుకుంటే ఒక్క జంతువు కూడా వృథా కాదు.

డిసెక్షన్‌కు ముందు రోజే 12 మిల్లీమీటర్ల గాజు కవర్‌స్లిప్‌లను 24 గుంటల ప్లేట్‌లో ఉంచి, పీహెచ్ 8.5 ఉన్న బోరేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాముల పాలీ-డీ-లైసిన్ కలిపి రాత్రంతా పూత పట్టించాలి. ఉదయం స్టెరైల్ నీటితో కనీసం మూడు సార్లు కడగాలి. గాజుకు అంటకుండా నీటిలో మిగిలిపోయిన పాలీలైసిన్ కణాలను చంపుతుంది; రెండో రోజుకే కొమ్మలు పూసల దండలా ముక్కలైతే ముందుగా అనుమానించవలసింది ఈ కడుగుడునే.

మెదడు పొరలను పూర్తిగా ఒలిచేసి, హిప్పోక్యాంపస్‌ను చల్లని బఫర్‌లోకి తీసుకున్నాక, పపేయిన్‌లోగానీ ట్రిప్సిన్‌లోగానీ 37 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి అరగంట ఉంచి, ఎంజైమును కడిగేయాలి. తర్వాత పాశ్చర్ పిపెట్‌తో పీల్చి వదులుతూ ముక్కలను విడదీయాలి. పిపెట్ కొసను మంటలో తిప్పుతూ నునుపు చేసుకోవాలి. కొస అంచు పదునుగా ఉంటే కణాలు చీలిపోతాయి. పీల్చేటప్పుడు బుడగలు రాకూడదు, వదిలేటప్పుడు ట్యూబు గోడ మీదుగా జారాలి. పది పదిహేను సార్లకు ముక్కలు మాయమై ద్రవం పల్చటి గంజిలా మబ్బుగా మారుతుంది, అక్కడ ఆపేయాలి. దారాల్లా సాగే తెల్లటి పదార్థం కనిపిస్తే అది పగిలిన కణాల డీఎన్ఏ. ఈ దశను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పగిలిన ప్రతి కణమూ తనలోని గ్లూటమేట్‌ను మీడియంలోకి వదులుతుంది. కణాల లోపల గ్లూటమేట్ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది కాబట్టి, మొరటుగా విడదీసిన కల్చర్‌లో మీరు గ్లూటమేట్ ప్రయోగాన్ని మీకు తెలియకుండానే మొదలుపెట్టినట్టు అవుతుంది. కణాలు అంటుకున్న రెండు మూడు గంటలకు మీడియం మొత్తం మార్చడం అందుకే ముఖ్యం.

కొమ్మల ఆకృతిని కొలవాలంటే పల్చగా, చదరపు సెంటీమీటరుకు పది నుంచి ఇరవై వేల కణాల చొప్పున వేయాలి. పక్క కణపు కొమ్మలు కలిసిపోతే ఏ కొమ్మ ఎవరిదో చెప్పలేము. సినాప్స్‌లను చూడాలంటే ఇంతకు రెండు మూడింతలు కావాలి. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నిండు తేమ ఉండాలి. ప్లేట్ అంచు గుంటల్లో నీరు త్వరగా ఆవిరై లవణాలు చిక్కబడతాయి. ఆ గుంటల్లో స్టెరైల్ నీరు నింపి, లోపలి గుంటలను మాత్రమే ప్రయోగానికి వాడడం మంచిది.

మీడియంలో ముందే ఉన్నవి

నా దృష్టిలో ఈ ప్రయోగానికి ప్రాణం ఇక్కడే ఉంది. సీరంను మనం పోషక ద్రవంగా చూస్తాం. కానీ రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలో నిల్వ ఉన్న సెరటోనిన్‌ను వదులుతాయి, అది సీరంలోనే ఉండిపోతుంది. గ్లూటమేట్ కూడా సీరంలో ఉంటుంది. కాబట్టి 10 శాతం సీరం ఉన్న మీడియంలో ‘సెరటోనిన్ వేయని’ కంట్రోల్ (పోల్చి చూడడానికి ఉంచే గుంట) అనేది పేరుకే కంట్రోల్. సెరటోనిన్‌పై పనిచేయదలచిన వారు సీరం లేని మీడియం వాడాలి. సీరం తప్పనిసరి అయితే డయాలిసిస్ చేసినదిగానీ, బొగ్గుతో శుద్ధి చేసినదిగానీ తీసుకోవాలి.

బ్రూవర్ బృందం 1993లో ప్రవేశపెట్టిన న్యూరోబేసల్ అనే మీడియం, అందులో కలిపే బీ27 అనే పోషక మిశ్రమం జంటను ఇప్పుడు ఎక్కువ ల్యాబులు వాడుతున్నాయి. ఇందులో సీరం ఉండదు, అది పెద్ద సౌకర్యం. అయినా ఇది ఖాళీ పలక కాదు. న్యూరోబేసల్‌లో గ్లైసిన్ 0.4 మిల్లీమోలార్ ఉంటుంది. గ్లైసిన్ వంటి తోడు లేనిదే గ్లూటమేట్ తన రిసెప్టర్లలో ఒకటైన ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ను తెరవలేదు. ఈ మీడియంలో ఆ సహాయకుడు ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే లెక్క. హిప్పోక్యాంపస్ కణాలను వేసేటప్పుడు మొదటి నాలుగు రోజులు 25 మైక్రోమోలార్ గ్లూటమేట్ కలపాలని అసలు విధానంలోనే ఉంది. చాలా ల్యాబుల్లో ఆ వాక్యాన్ని అలాగే కాపీ చేసుకుంటూ వస్తున్నారు. గ్లూటమేట్ ప్రభావాన్ని కొలవడానికి వచ్చిన వారు ఆ వాక్యాన్ని తప్పక తొలగించాలి. బీ27లో కార్టికోస్టిరాన్, థైరాయిడ్ హార్మోన్, ఆక్సీకరణను అడ్డుకునే ఎంజైములు ఉంటాయి. డోపమిన్ హానిని ఇవి కొంత కప్పిపుచ్చగలవని గుర్తుంచుకోవాలి.

గ్లూటమిన్ మరో దొంగదారి. చనిపోయిన కణాల నుంచి బయటపడిన ఎంజైము గ్లూటమిన్‌ను గ్లూటమేట్‌గా మారుస్తుంది. పాత గ్లూటమిన్ సీసా వాడకుండా, స్థిరంగా ఉండే డైపెప్టైడ్ రూపాన్ని వాడితే ఈ బాధ తగ్గుతుంది. ఆస్ట్రోసైట్ల (న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాల) లెక్క కూడా తేల్చుకోవాలి. అవి గ్లూటమేట్‌ను వేగంగా పీల్చేసుకుంటాయి, కాబట్టి ఆస్ట్రోసైట్లు నిండిన డిష్‌లో మీరు వేసిన మోతాదు కణాన్ని తాకే మోతాదు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మూడో రోజు ప్రాంతంలో కొద్ది మైక్రోమోలార్ల సైటోసిన్ అరబినోసైడ్ వేస్తే గ్లియా విభజన ఆగుతుంది. వేసినా వేయకపోయినా అన్ని గుంటల్లో ఒకేలా ఉండాలి.

మీడియంలో ముందే ఏముందో తెలుసుకోవడానికి తేలికైన మార్గం అడ్డుకునే మందులను ఒంటరిగా వేసి చూడడమే. ఏ న్యూరోట్రాన్స్‌మిటరూ కలపకుండా కొన్ని గుంటల్లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌ను అడ్డుకునే డీ-ఏపీ5 ను 50 మైక్రోమోలార్, కొన్నిటిలో గాబా-ఏ రిసెప్టర్‌ను అడ్డుకునే బైక్యుక్యులిన్‌ను 10 నుంచి 20 మైక్రోమోలార్ వేయండి. ఆ మందుతోనే కొమ్మలు మారితే, ఆ న్యూరోట్రాన్స్‌మిటర్ మీ డిష్‌లో ముందు నుంచీ పనిచేస్తున్నట్టు. 1993లో బార్బాన్, బెన్-ఆరీ తదితరులు ఈ మార్గంలోనే, పిండపు హిప్పోక్యాంపస్ కల్చర్‌లో గాబా-ఏ రిసెప్టర్‌ను అడ్డుకుంటే కొమ్మల ఎదుగుదల తగ్గుతుందని చూపారు.

ద్రావణాల తయారీ

గ్లూటమిక్ ఆమ్లం పేరులోనే ఆమ్లం ఉంది. దాన్ని కరిగించాక సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4 కు తేవాలి, లేదా సోడియం లవణాన్నే కొనాలి. పని నేర్చుకునే రోజుల్లో నేను పీహెచ్ సరిచేయని స్టాక్‌ను వేసినప్పుడు, గులాబీ రంగులో ఉండవలసిన మీడియం నారింజ దాటి పసుపుకు తిరిగింది, కొమ్మలు కుంచించుకుపోయాయి. మరుసటి వారం అంతే ఆమ్లాన్ని గ్లూటమేట్ లేకుండా వేసి చూస్తే కొమ్మలు అలాగే కుంచించుకుపోయాయి. అప్పటి నుంచి ప్రతి స్టాక్‌కూ దాని ద్రావకాన్నే అదే పీహెచ్‌తో విడిగా పక్కన ఉంచడం అలవాటు చేసుకున్నాను.

డోపమిన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెంది, ద్రావణం లేత గులాబీకి, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు పుట్టే క్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను డోపమిన్ రిసెప్టర్ ఖాతాలో వేయకూడదు. వాడే ముందే తయారు చేసుకుని, రంగు మారితే పారబోయాలి. ఆస్కార్బిక్ ఆమ్లంతో రక్షించేవారు అది మాత్రమే వేసిన గుంటలను కూడా ఉంచాలి. అసిటైల్‌కోలిన్‌ను కోలినెస్టరేజ్ నిమిషాల్లో విరగ్గొడుతుంది. రోజుల తరబడి ప్రభావం కావాలంటే విరగని కార్బకోల్ వాడతారు. సెరటోనిన్‌ను వెలుతురు తగలకుండా చూడాలి. గాబా మాత్రం మంచి పిల్ల, నీటిలో తేలిగ్గా కరిగి స్థిరంగా ఉంటుంది.

మందును డిష్‌లో వేసే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. చిక్కటి స్టాక్ చుక్కను నేరుగా గుంటలో వేస్తే, అది కలిసే లోపు చుక్క పడిన చోటి కణాలకు వందల రెట్ల మోతాదు తగులుతుంది. ఆ గుంటలోని మీడియంలో సగాన్నే తీసి, అందులో రెట్టింపు మోతాదులో మందు కలిపి, 37 డిగ్రీలకు తెచ్చి, గోడ మీదుగా మెల్లగా తిరిగి పోయాలి. మందు లేని గుంటలకూ సరిగ్గా ఇదే చేయాలి, ఎందుకంటే మీడియంను కదపడమే లేత కణాలకు ఒక ఉద్దీపన. మోతాదులను పదేసి రెట్ల తేడాతో, 1, 10, 100 మైక్రోమోలార్లుగా మొదలుపెట్టి, మార్పు కనిపించిన చోట మధ్య మోతాదులు చేర్చుకోవచ్చు.

గాబా

ఎదిగిన మెదడులో గాబా కణాన్ని శాంతపరుస్తుంది. లేత కణంలో అదే గాబా, అదే రిసెప్టర్, కణాన్ని ఉత్తేజపరుస్తుంది. దీనికి కారణం క్లోరైడ్. గాబా-ఏ రిసెప్టర్ క్లోరైడ్‌కు తలుపు తెరుస్తుందంతే. క్లోరైడ్ లోపలికి వెళుతుందా బయటికి వస్తుందా అన్నది లోపల ఎంత ఉందన్న దానిపై ఆధారపడుతుంది. లేత కణాల్లో క్లోరైడ్‌ను లోపలికి చేర్చే ఎన్‌కేసీసీ1 అనే ప్రొటీన్ ఎక్కువగా, బయటికి తోడేసే కేసీసీ2 అనే ప్రొటీన్ తక్కువగా ఉంటాయి. ఒక లెక్క వేసి చూద్దాం. బయట క్లోరైడ్ 130 మిల్లీమోలార్, లోపల 30 అనుకుంటే, 37 డిగ్రీల దగ్గర నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం క్లోరైడ్ సమతౌల్యం (క్లోరైడ్ రాకపోకలు సరిసమానమయ్యే వోల్టేజి) సుమారు మైనస్ 39 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. కణం విశ్రాంతిలో మైనస్ 60 దగ్గర ఉంటే, గాబా దాన్ని మైనస్ 39 వైపు పైకి లాగుతుంది. కేసీసీ2 వచ్చి లోపలి క్లోరైడ్‌ను 7 కు దించితే సమతౌల్యం మైనస్ 78 కు చేరుతుంది. ఇప్పుడు అదే గాబా కణాన్ని కిందికి లాగుతుంది.

పైకి లాగినప్పుడు ఎల్-రకం క్యాల్షియం ఛానళ్లు తెరుచుకుంటాయి. లోపలికి వచ్చిన క్యాల్షియం కేంద్రకం దాకా సంకేతాలను నడిపి, బీడీఎన్‌ఎఫ్ వంటి పోషక ప్రొటీన్ల తయారీని పెంచుతుంది, కొమ్మల ఎదుగుదలకు తోడ్పడుతుంది. బెన్-ఆరీ బృందం 1989లో పుట్టిన తొలి రోజుల ఎలుకల హిప్పోక్యాంపస్ పలకల్లో గాబా ఉత్తేజాన్ని చూపింది. 2001లో గాంగూలీ బృందం కల్చర్ కణాల్లో మరింత ఆసక్తికరమైన ఫలితం ప్రకటించింది: గాబా-ఏ రిసెప్టర్‌ను రోజుల తరబడి అడ్డుకుంటే, గాబా ఉత్తేజపరచడం నుంచి శాంతపరచడానికి మారే ఆ మలుపు ఆలస్యమైందని, అంటే గాబా తన సొంత ఉత్తేజాన్ని తానే ముగించుకుంటుందని. 2003లో మరో రెండు బృందాలు గాబా ప్రసారాన్ని అడ్డుకున్నా మలుపు యథాప్రకారం వచ్చిందని, కేసీసీ2 పెరిగిందని చూపాయి. కాబట్టి ‘ఎలుక హిప్పోక్యాంపస్‌లో మలుపు రెండో వారంలో వస్తుంది’ అన్న మాటను పుస్తకం నుంచి తీసుకోకుండా, మీ డిష్‌లో అది ఏ రోజు వస్తుందో మీరే కొలవాలి.

కొలిచే విధానం ఇది. నాలుగో రోజు, ఏడో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు ఒక్కొక్క కవర్‌స్లిప్ తీసుకుని, క్యాల్షియంను చూపే ఫ్లూయో-4 రంగును అరగంట ఎక్కించి, సూక్ష్మదర్శిని కింద ఉంచండి. కణం కణానికి కబురు ప్రాకకుండా 1 మైక్రోమోలార్ టెట్రోడోటాక్సిన్, 20 మైక్రోమోలార్ సీఎన్‌క్యూఎక్స్, 50 మైక్రోమోలార్ డీ-ఏపీ5 వేశాక, 100 మైక్రోమోలార్ గాబాను కొద్ది సెకన్లు ప్రవహింపజేయండి. నాలుగో రోజు కణాలు ఒక్కసారిగా వెలిగి, మెల్లగా మసకబారతాయి. మలుపు దాటిన కణాలు వెలగవు. చివర్లో 40 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ వేసి, వెలగని కణాలు బతికే ఉన్నాయా అని తేల్చుకోవాలి. ఆ ద్రావణంలో అంతే మేరకు సోడియం క్లోరైడ్‌ను తగ్గిస్తే లవణ సాంద్రత మారదు. వెలుగుకు కారణం క్లోరైడే అని నిరూపించడానికి ఎన్‌కేసీసీ1 ను అడ్డుకునే బ్యుమెటనైడ్‌ను 10 మైక్రోమోలార్ ముందుగా వేసి పోల్చాలి. ఎలక్ట్రోడ్‌తో కొలవగలిగిన వారు గ్రామిసిడిన్ పద్ధతి వాడాలి. గ్రామిసిడిన్ చేసే రంధ్రాల గుండా సోడియం, పొటాషియం వెళతాయి, క్లోరైడ్ వెళ్లదు. కాబట్టి లోపలి క్లోరైడ్ చెదరదు. మామూలు హోల్-సెల్ పద్ధతిలో (పిపెట్ కొస దగ్గర కణ పొరను తెరిచి కొలిచే పద్ధతిలో) పిపెట్‌లోని క్లోరైడ్ కణాన్ని నింపేసి, మీరు కొలవదలచినదాన్నే చెరిపేస్తుంది.

ఈ మలుపు రోజు తెలిశాకే కొమ్మలపై గాబా ప్రయోగాన్ని దానికి ముందు ఒక విడత, తర్వాత ఒక విడత చేయాలి. రెండు విడతల జవాబులూ ఒకేలా ఉంటే ఆ ప్రభావం క్యాల్షియం దారిన రాలేదని అనుమానించవచ్చు. వేరుగా ఉంటే, ఎల్-రకం ఛానళ్లను అడ్డుకునే నిఫెడిపిన్‌తో మొదటి విడత జవాబు చెరిగిపోతుందా అని చూడాలి. నిఫెడిపిన్ వెలుతురుకు పాడవుతుంది కాబట్టి హుడ్‌లో దీపం తగ్గించుకోవాలి.

గ్లూటమేట్

గ్లూటమేట్ విషయంలో మోతాదు, వయసు విడదీయరానివి. 1988లో మ్యాట్సన్, డౌ, కేటర్ ఒంటరి హిప్పోక్యాంపస్ కణాలపై గ్లూటమేట్ వేసినప్పుడు, కణాన్ని చంపని మోతాదులోనే డెండ్రైట్ల ఎదుగుదల ఆగింది, అదే కణపు ఆక్సాన్ మాత్రం సాగుతూ పోయింది. మోతాదు పెంచుతూ పోతే డెండ్రైట్లు వెనక్కి తగ్గాయి, ఇంకా పెంచితే కణాలు చనిపోయాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, చిన్నమెదడు గ్రాన్యూల్ కణాల్లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ద్వారా గ్లూటమేట్ కొమ్మలను పెంచుతుందని 1987లో పియర్స్ తదితరులు చూపారు. ఈ రెంటినీ కలిపి అర్థం చేసుకోవడానికి కేటర్ బృందం ఒక ఊహ ప్రతిపాదించింది: కొమ్మ కొస సాగడానికి లోపలి క్యాల్షియం ఒక మధ్యస్థ స్థాయిలో ఉండాలి, అంతకన్నా తగ్గినా పెరిగినా అది ఆగిపోతుంది. అన్ని కణాలకూ ఇది వర్తించకపోయినా, ఒకే మోతాదుతో ప్రయోగం చేయకూడదని చెప్పడానికి మాత్రం చాలు.

ఆ ఆగిపోవడం ఎలా ఉంటుందో ఒకసారి కళ్లతో చూడడం మంచిది. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో కొమ్మ కొస చిన్న అరచేతిలా కనిపిస్తుంది, దాని నుంచి వేళ్ల వంటి సన్నని పోగులు నిమిషానికొకసారి బయటికి వచ్చి తడిమి లోపలికి పోతుంటాయి. గ్లూటమేట్ తగిలిన డెండ్రైట్ కొసలో ముందుగా ఆ వేళ్లు ముడుచుకుంటాయి, తర్వాత అరచేయి ఉండలా గుండ్రబడుతుంది. కొమ్మ పొడవు తగ్గడం ఆ తర్వాత సంగతి. అందుకే చివరి రోజు పొడవు కొలవడంతో పాటు, మందు వేసిన మొదటి గంటలో రెండు నిమిషాలకొక ఫొటో తీయగలిగితే, ఆపింది గ్లూటమేటేనా లేక మర్నాటికి చేరిన హాని ఫలితమా అన్నది తేలుతుంది.

విష ప్రభావానికి వయసు తేడా మరింత స్పష్టం. చుంచెలుక కార్టెక్స్ కల్చర్లలో ముదిరిన కణాలను 100 మైక్రోమోలార్ గ్లూటమేట్ ఐదు నిమిషాల్లోనే చావు దారి పట్టించగలదని, లేత కణాలు చాలా వరకు తట్టుకుంటాయని డెన్నిస్ చోయ్ బృందం 1987లో చూపింది. మూడో రోజు హాయిగా పనిచేసిన మోతాదును పద్నాలుగో రోజు అలాగే వేస్తే మీరు కొలిచేది ఎదుగుదల కాదు, మరణం. ప్రతి వయసులోనూ ప్రొపిడియం అయోడైడ్ రంగుతో చనిపోయిన కణాలను లెక్కించి, ఆ సంఖ్య కంట్రోల్‌కు సమానంగా ఉన్న మోతాదుల్లోనే కొమ్మలను కొలవాలి.

సెరటోనిన్, డోపమిన్, అసిటైల్‌కోలిన్

ఈ మూడింటి రిసెప్టర్లు అన్ని కణాల మీదా ఉండవు. కాబట్టి మందు వేసే ముందు, మీ కల్చర్‌లో ఆ రిసెప్టర్ ఉందని ఆర్ఎన్ఏ స్థాయిలోగానీ యాంటీబాడీతోగానీ చూపాలి. కోడిపిల్ల పిండం రెటీనా కణాల్లో డోపమిన్ డీ1 రిసెప్టర్ ద్వారా కొమ్మ కొసల కదలికను ఆపుతుందని 1988లో తేలింది. దాన్ని హిప్పోక్యాంపస్‌కు యథాతథంగా అన్వయించలేము. అసిటైల్‌కోలిన్ దిశానిర్దేశానికి మంచి ఉదాహరణ 1994 నాటిది. జెనోపస్ కప్ప వెన్నుపాము కణాల దగ్గర సన్నని పిపెట్‌తో అసిటైల్‌కోలిన్‌ను వదిలితే, కొమ్మ కొసలు ఆ పిపెట్ వైపు తిరిగాయి. బయటి క్యాల్షియం లేకపోతే తిరగలేదు. ఈ కప్ప కణాలు గది ఉష్ణోగ్రత దగ్గర, ఇంక్యుబేటర్ లేకుండానే ఎదుగుతాయి కాబట్టి, తక్కువ సౌకర్యాలున్న కళాశాల ల్యాబుకు దిశ మార్పు ప్రయోగం ఇక్కడ మొదలుపెట్టడం సులువు.

కొలత, లెక్క

నాలుగు శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో పావుగంట ఫిక్స్ చేసి, డెండ్రైట్లను గుర్తించడానికి మ్యాప్2, ఆక్సాన్‌ను గుర్తించడానికి టౌ-1 యాంటీబాడీలు వాడండి. మొదటి రోజుల్లో మ్యాప్2 ఆక్సాన్‌లో కూడా కనిపిస్తుంది కాబట్టి, మూడో దశలో మ్యాప్2 ఒక్కదాన్ని చూసి ఏది డెండ్రైటో తేల్చకండి. కొమ్మల గీతలను ఇమేజ్‌జే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీయవచ్చు. 1953లో షోల్ చూపిన పద్ధతిలో కణం మధ్య నుంచి పది మైక్రాన్లకొక వృత్తం గీసి, ఎన్ని కొమ్మలు దాటాయో లెక్కించడం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. మొత్తం పొడవు మారకుండా కొమ్మలు దగ్గరికి చేరినా ఇందులో బయటపడుతుంది. ఏ గుంటలో ఏ మందు ఉందో తెలియని మనిషి గీయాలి. కవర్‌స్లిప్‌లకు వేరొకరు సంకేత సంఖ్యలు వేసి, లెక్క పూర్తయ్యాకే విప్పాలి.

ఒకే డిసెక్షన్ నుంచి వచ్చిన 200 కణాలు 200 స్వతంత్ర ప్రయోగాలు కావు. అవన్నీ ఒకే తల్లి, ఒకే రోజు, ఒకే పిపెట్ చేతి పనితనం పంచుకున్నాయి. కనీసం మూడు వేర్వేరు రోజుల డిసెక్షన్లు చేసి, ఒక్కొక్క డిసెక్షన్‌ను ఒక్క పరిశీలనగా తీసుకోవాలి, లేదా కణం, కవర్‌స్లిప్, డిసెక్షన్ అనే అంచెలను గుర్తించే మిశ్రమ నమూనా గణాంక పద్ధతి వాడాలి. ఈ నియమం పాటించినప్పుడు ముందు ఘనంగా కనిపించిన కొన్ని తేడాలు నిలబడవు. ఆ నిజాన్ని ప్రచురణకు ముందే తెలుసుకోవడం మంచిది.

చివరగా, ప్రతి ప్లేట్‌లో రెండు గుంటలను మందు తీసివేసే పరీక్షకు కేటాయించండి. మందు వేయని సోదర గుంటల నుంచి ముందే సేకరించి 37 డిగ్రీల దగ్గర ఉంచిన మీడియంతో రెండు సార్లు మార్చి, మర్నాడు అవే కణాలను, గాజు మీద ముందే వేసిన గీతల ఆధారంగా వెతికి ఫొటో తీయండి. ఆగిన కొస మళ్లీ వేళ్లు చాచి సాగితే అది ఎదుగుదలను అదుపు చేసిన సంకేతమని రాయవచ్చు. సాగకపోతే, అది దెబ్బతిన్న కణం అయి ఉండవచ్చని ఫలితాల పట్టికలో ఆ గుంట పక్కనే రాయాలి.